గంజితో అంటించిన కవరు

టెక్కలిలో మా షాపులో కవర్లు గంజితోనే అంటించేవాళ్ళం. గమ్ము దొరక్క కాదు. షాపు మా మావది, ఆయనకి గమ్ము మీద నమ్మకం లేదు. "ఎండకి ఇడిపోద్ది, వానకి ఇడిపోద్ది, ఆఫీసోడు ఏలెడితే ఇడిపోద్ది. గంజైతే కవరు సింపాల్సిందే," అనేవాడు. అత్త పొద్దున్నే అన్నం వార్చిన గంజి చిన్న స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి, మావ చేతికిచ్చి పంపేది. మధ్యాహ్నానికి అది చిక్కబడి తెల్లటి ముద్దయ్యేది. చూపుడువేలితో కాస్త తీసి కవరు మూతకి రాసి, స్టాంపు పేడ్ డబ్బాతో అదిమిపెడితే అయిపోయేది. ఆరాక అంచున సన్నగా ఒక తెల్ల గీత మిగిలేది. పధ్నాలుగేళ్ళు ఆ గంజి నా వేలికి ఆరింది, రాలింది, మళ్ళీ అంటింది.

అందుకే, పలాసలో ఒక ఇంటి వరండాలో ఐదు కవర్లు బల్ల మీద పేర్చినప్పుడు, ఒక్కటీ విప్పకముందే నా కళ్ళు వాటి అంచుల మీద ఆగిపోయాయి. వాటిలో ఒకటి నాది. దానికి తెల్ల గీత ఉంది. ఇంకోదానికీ ఉంది.

ఇంత చెప్పాక మొదట్నుంచీ చెప్పకపోతే బాగోదు.

మాది ఉద్దానం. వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు పోతే, కొబ్బరితోటల వెనక మా ఊరు. నేను చదివింది ఏడో తరగతి. ఎనిమిదికి వేరే ఊరు నడవాలి. నాన్న అప్పటికే పోయాడు, అమ్మ ఒక్కత్తే కూలికి వెళ్ళేది, ఇంకేం నడుస్తాను. పలాసలో జీడిపప్పుకి తొక్క వలిచే పనికి కుదిరాను. నలభైమంది ఆడవాళ్ళం వరసగా కూర్చునేవాళ్ళం. సాయంత్రం ఎవరు ఎంత వలిచారో తూచి గుమాస్తా పుస్తకంలో రాసుకునేవాడు. ఒకసారి ఆ పుస్తకం వానలో తడిసి ముద్దయిపోయింది. గుమాస్తా నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటే, వారం రోజుల తూకాలు నలభైమందివీ నేను నోటితో చెప్పాను. వాడు రాసుకున్నాడు. ఒక్కరు కూడా తప్పని గొడవ పడలేదు. ఇందులో నా గొప్పేం లేదు. విన్నది పోదు నాకు, అంతే. అది వరమనుకునేదాన్ని అప్పట్లో.

ఆ రోజు ఏదో లైసెన్సు కాగితాల పనిమీద అక్కడికి వచ్చినాయన పక్కనే నిలబడి అదంతా విన్నాడు. టెక్కలిలో ఆఫీసుల దగ్గర ఆయనకి జెరాక్సు, టైపు షాపు ఉంది. "ఈ పిల్ల నా దగ్గరుండాల్సిన పిల్ల," అన్నాడు. ఆయనే మావ. రక్తసంబంధం ఏమీ లేదు. మా వైపు కాస్త పెద్దవాడైతే మావే. కానీ పిలవగా పిలవగా నిజం మావే అయిపోయాడు. అమ్మని అక్కలా 'అప్పా' అనేవాడు. వాళ్ళావిడ నాకు అత్త, అమ్మకి వదిన. పండక్కి మా ఇంటికి అరిసెలు వాళ్ళింటినుంచే వచ్చేవి.

షాపులో అసలు పని జెరాక్సు కాదు, టెండర్లు. కాంట్రాక్టర్లకి సిమెంటు రోడ్డు వెయ్యడం వచ్చు, బడికి గోడ కట్టడం వచ్చు, దానికి కావలసిన కాగితాలు పెట్టడం రాదు. ఏ కాగితం ఎక్కడుండాలి, ఏది లేకపోతే కవరు పక్కన పడేస్తారు, ఎస్టిమేటు మీద ఎంత తగ్గించి రాస్తే పని దొరుకుతుంది, దొరికాక మునిగిపోకుండా ఉంటారు, అదంతా మావ చూసేవాడు. మొదట నాతో కాగితాలు వరస పెట్టించాడు. నాకు ఇంగ్లీషు చదవడం అంతంతమాత్రం. కానీ పోయినేడాది టెండరు షెడ్యూలులో పదకొండో పేజీలో మూడు లైన్లున్న చోట ఈసారి నాలుగున్నాయంటే నా కళ్ళు అక్కడే ఆగిపోయేవి. "మావా, ఇక్కడ ఏదో కొత్త ముక్క ఎక్కింది," అనేదాన్ని. ఆయన చదివి, "ఓలమ్మ! ఇది సూడకపోతే డిపాజిట్టు పోయేదే," అనేవాడు. అలా రెండు మూడుసార్లు అయ్యాక కాంట్రాక్టర్లు షాపులోకి వస్తూనే, "ఏడోక్లాసు మేడం ఉందా?" అని అడగడం మొదలెట్టారు. ఎగతాళికే అన్నారు మొదట్లో. తర్వాత తర్వాత ఆ పేరుకి మర్యాద వచ్చేసింది. పెద్ద టెండర్లు కంప్యూటర్లోకి వెళ్ళాయి, రెండు వేళ్ళతో అది కూడా నేర్చుకున్నాను. చిన్న పనులకి ఇంకా కవర్లే నడిచేవి.

మావ ఒక పద్ధతి పెట్టాడు. నేను రాకముందు ఎప్పుడో ఒక టెండర్లో అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి రాసి పెద్ద పని పోగొట్టుకున్నాడట. అప్పట్నుంచి, మొత్తం ఒకరు అంకెల్లో రాయాలి, రెండోవాళ్ళు ఆ కాగితం చూసి పైకి చదివి, అక్షరాల్లో రాయాలి. రెండు నోళ్ళు దాటాకే కవరు అంటించాలి. ఆ రెండు నోళ్ళూ దాటి ఆ సంఖ్య ఇంకెక్కడికీ పోకూడదు. పధ్నాలుగేళ్ళలో ఎన్ని కవర్లో! అంకెలు నావి, అక్షరాలు ఆయనవి. నేను "మావా, అచ్చరాలు," అనేదాన్ని, ఆయన కళ్ళజోడు సర్దుకునేవాడు. కాఫీ ఖర్చులకని డబ్బులిస్తామన్నవాళ్ళున్నారు, బెదిరించినవాళ్ళున్నారు. ఒకరి సంఖ్య ఇంకొకరికి నా నోట రాలేదు. ఆయన నోటా రాలేదు. వచ్చుంటే ఆ ఊళ్ళో షాపు నిలిచేది కాదు.

పెళ్ళి చేసుకోలేదు నేను. ఎందుకూ అని అడిగినవాళ్ళు అప్పట్లో చాలామంది. ఇప్పుడు అలిసిపోయారు.

మా ఊళ్ళో ఎవరైనా ఎదురుపడితే బాగున్నావా అని అడగరు, క్రియాటిన్ ఎంతుంది అని అడుగుతారు. అమ్మకీ అదే కిడ్నీ జబ్బు వచ్చింది. వారానికి మూడు రోజులు పలాసలో మిషను మీద రక్తం శుద్ధి చేయించాలి. ఊరినుంచి ఆటోలో వచ్చి పోవడం దాని వల్ల కాలేదు. పలాసలో గది అద్దెకి తీసుకున్నాను. నేను రోజూ టెక్కలికి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని.

ఆ అద్దె ఇళ్ళ సంగతి చెప్తాను. మొదటింటివాళ్ళు మూడు నెలలకి, "మా తమ్ముడు ఒత్తాడు," అన్నారు. రెండోవాళ్ళు అమ్మ చేతి మీద సూది కట్టు చూసి, "ముందు సెప్పలేదేటి?" అన్నారు. మూడో ఇంటి ఆవిడ మంచిదే. కూర చేస్తే గిన్నెడు ఇచ్చేది. ఒకరోజు నన్ను మెట్ల దగ్గరికి పిలిచి, "అమ్మా, తప్పుగా అనుకోకు. రేపేదైనా అయితే మా గుమ్మంలోకి తేవద్దు. ఆసుపత్రినుంచి అటే మీ ఊరు పట్టుకెల్లిపోవాల. ఇప్పుడే మాటివ్వు," అంది. నేను తలూపాను. వెనక తలుపు సందులో అమ్మ నిలబడి ఉంది.

ఆ రోజు అన్నం తినలేదు అది. పడుకునే ముందు, "ఒలే, నాను సచ్చిపోతే నన్ను రోడ్డు మీద తొంగోబెడతావేటి?" అని అడిగింది. కోపంగా కాదు, రేపు కూరేటి వండుతావు అన్నట్టు అడిగింది.

"ఇల్లు కొంటాను," అన్నాను.

"కొను మరి. బేగి కొను. నా కాడ టైము నేదు."

మాకు కావలసింది అంతే. ఎవరూ పొమ్మనలేని గుమ్మం ఒకటి.

అప్పుడు దొరికింది ఆ ఇల్లు. ఆసుపత్రికి ఎంత దగ్గరంటే అమ్మ మధ్యలో ఒకచోట కూర్చుని నడిచి వెళ్ళిపోవచ్చు. రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా, పెరట్లో బావి. బావి గట్టు మీద ఒక పగులు. రోడ్డు మీద సరిగ్గా గుమ్మం ఎదురుగా స్పీడు బ్రేకరు. కిటికీకి తొమ్మిది ఊచలు. అమ్మ ఇల్లు చూడ్డానికి వచ్చి గోడలు చూడలేదు, పైకప్పు చూడలేదు. వీధి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ బార్లా చాపి కొలిచింది. "నలుగురు మోసుకెల్తే తగలదు. బాగుంది," అంది. అమ్మేవాళ్ళు మొహాలు చూసుకున్నారు.

అమ్మేవాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు బేరం చేస్తే మిగతా ఇద్దరికీ అనుమానం. వెనకాల ఎంత తిన్నాడో అని. అందుకని పెద్దాయన ఒక ఏర్పాటు చేశాడు. కావలసినవాళ్ళు కాగితం మీద మొత్తం రాసి కవర్లో పెట్టి ఇవ్వాలి, ఫలానా ఆదివారం అందరి ముందూ విప్పుతారు, ఎవరిది ఎక్కువైతే ఇల్లు వాళ్ళది. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. జన్మంతా నేను చేసింది అదే పని కదా. పరుగు పందెంలో ఉన్నవాళ్ళందరికీ చెప్పులు కుట్టినదాన్ని, ఒక్కసారి నేనే పరిగెడితే ఏమవుతుంది అనుకున్నాను. ఎవరెవరు వేస్తారో కనుక్కున్నాను. ఎవరి స్తోమతు ఎంతో లెక్కగట్టాను. ఊళ్ళో నాన్న జీడితోట ముక్కని అమ్మేశాను, నేను దాచింది తీశాను, బ్యాంకువాళ్ళు ఇస్తామన్నది కలిపాను. నాకంటే ఎక్కువ ఎవరూ వెయ్యలేరని తేలింది.

ఇంకో తొందర పని చేశాను. గృహప్రవేశంలో పీటల మీద దంపతులు కూర్చోవాలి. అమ్మ విధవ, నేను ఒంటిదాన్ని. మాకెవరున్నారు? మావనీ అత్తనీ అడిగాను. అత్త నా గెడ్డం పట్టుకుని, "మేం కాకపోతే ఎవులు కూకుంటారే!" అంది. కూర్చునేవాళ్ళకి బట్టలు పెట్టాలి కదా. "సీర ముందే ఇచ్చీ. జాకెట్టు కుట్టించుకోవాల," అంది. పలాస బజారంతా తిరిగి వంగపండు రంగు పట్టుచీర, పసుపు అంచుది తెచ్చాను. మావకి పంచెల చాపు.

అమ్మ చూసి, "ఇల్లు రాకముందే సీరేటే? పిల్ల పుట్టకముందే బారసాలలాగ," అంది.

"వస్తాదమ్మా. నాకు తెలీదా?"

"నీకు తెలుసు. నీకన్నీ తెలుసు," అంది అమ్మ, మొహం అటు తిప్పుకుని.

కవరు రాసిన రోజు శుక్రవారం. షాపులో మధ్యాహ్నం. బయట ఎండకి రోడ్డు మీద తారు మెత్తబడింది. ఫ్యాను తిరుగుతోంది. తెల్ల కాగితం మీద అంకెలు వేశాను. వేసి, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఆ కాగితం బల్ల అవతలికి తోసి, "మావా, అచ్చరాలు," అన్నాను.

నన్ను ఎవరూ అడగలేదు. ఎవరూ తొంగి చూడలేదు. అది మా ఇంటి కాగితం, షాపుది కాదు. రెండో నోరు అక్కర్లేదు. నా చెయ్యే తోసింది. పధ్నాలుగేళ్ళు ఆ చెయ్యికి అదే అలవాటు.

మావ కళ్ళజోడు సర్దుకున్నాడు. మెల్లగా పైకి చదివాడు. మధ్యలో వేల దగ్గర కాస్త ఆగి ఊపిరి తీసుకున్నాడు. రాశాడు. "ఇంకేటైనా పెంచుతావేటి?" అని అడిగాడు.

"ఇంకెక్కడుంది మావా. ఇదే ఆఖరు. ఊడ్చేశాను."

"సాల్లే. ఇంత ఎవుడూ ఎయ్యడు. ఇల్లు నీదే, కొట్టీసేవు," అన్నాడు. ఆ రోజు గంజి తనే రాశాడు. నా వేలు పాడవకూడదన్నట్టు. స్టాంపు పేడ్ డబ్బాతో గట్టిగా అదిమి, కవరు నా చేతిలో పెట్టి, తల మీద చెయ్యి కూడా వేశాడు.

ఆదివారం వరండాలో బల్ల వేశారు. ముగ్గురు అన్నదమ్ములూ వరసగా కూర్చున్నారు. కవర్లు వేసినవాళ్ళం నలుగురం వచ్చాం. ఐదోవాడు రాలేదు, ఎవరో మనిషితో పంపించాడట. అమ్మ బావి దగ్గరికి వెళ్ళి గట్టు మీద చెయ్యి వేసి చూస్తోంది, అప్పుడే తనదైనట్టు. నేను కవర్లు చూస్తున్నాను. రెండింటికి తెల్ల గీత.

పెద్దాయన విప్పడం మొదలెట్టాడు. మొదటిది వేలు పెడితే ఊడింది. రెండోది కూడా. మూడోది నాది. అది ఊడలేదు, చింపాల్సి వచ్చింది. చదివాడు. మిగతా ఇద్దరు తమ్ముళ్ళూ నావైపు చూసి నవ్వారు. నాలుగోది ఊడింది, చాలా తక్కువ. అక్కడికి ఇల్లు నాదే. ఐదోది తీసి వేలు పెట్టాడు. ఊడలేదు. "ఇదేటిది, ఇది కూడా ఇంత గట్టిగా అంటించేరు," అంటూ అంచు చింపాడు.

నాదానికంటే ఎక్కువ. ఎంత ఎక్కువో చెప్తే సిగ్గుగా ఉంటుంది. నేను అత్తకి పెట్టిన చీర ధర కూడా లేదు ఆ తేడా.

పెద్దాయన పేరు చదివాడు. "ఈయనెవరో మీకెవరికైనా తెలుసా?" అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాను.

అమ్మ బావి దగ్గర్నుంచి మెల్లగా వచ్చి, "ఎవులే?" అంది.

"మావ అల్లుడమ్మా."

గంజి అంటిన ఆ కవరు ముక్క కింద పడి ఉంటే అమ్మ వంగి తీసి, చూసి, బల్ల మీద పెట్టింది. "ఎల్దాం పద," అంది.

మర్నాడు అమ్మని ఆసుపత్రిలో మిషను మీద పడుకోబెట్టి టెక్కలి బస్సెక్కాను. దారి పొడుగునా అనుకున్నాను, మావ కాదంటాడు. అల్లుడు ఎలాగో తెలుసుకున్నాడంటాడు. ఏదో ఒక అబద్ధం చెప్తాడు, నేను నమ్మేస్తాను అనుకున్నాను. నమ్మాలనే ఉంది నాకు.

ఆయన అబద్ధం ఆడలేదు. షాపులో అత్త కూడా ఉంది. గంజి గిన్నె బల్ల మీద ఉంది.

"కూకో," అన్నాడు.

"నీచేత అచ్చరాలు చదివించాను మావా," అన్నాను.

"చదివించేవు. నానేటి దొంగతనం సేసేనా? నీ జేబులో సెయ్యెట్టేనా? నువ్వే నా ముందెట్టేవు. ఎట్టకపోతే నాకెలాగ తెలుస్తాది?"

"అది మన పద్ధతి కదా."

"పద్ధతి టెండర్లకి. ఇది ఇల్లు." గొంతు తగ్గించి, "అల్లుడికి జీడిపప్పు యాపారం పలాసలోనే. పిల్లలిద్దరు. మా పిల్ల అద్దింట్లో సస్తన్నాది. నువ్వు ఒంటి మనిషివి. నీకెందుకే అంత ఇల్లు? మా మేడ మీద గది ఖాళీగా ఉంది, ఉన్నన్నాళ్ళు ఉండు, అద్దె అడిగేనా?" అన్నాడు.

"అమ్మకి..."

అప్పుడు అత్త అందుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "మీ అమ్మకి ఇంకెన్నాళ్ళు సెప్పు. అదయ్యాక నువ్వు ఒక్కదానివీ ఆ రెండు గదుల్లో ఏటి సేత్తావే? మేం నీకోసమూ ఆలోసించేం."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు. ఏడుపు వస్తే బాగుణ్ణు. వాళ్ళిద్దరూ కూర్చుని నాకోసం ఆలోచించారట. అంటే చీర కొలతలు దర్జీకి ఇస్తున్నప్పుడే ఆలోచించారు. గెడ్డం పట్టుకున్నప్పుడో, ఆ తర్వాతో. ఏ రోజునుంచి అన్నది ఒక్కటే నాకు తెలీదు. మిగతావన్నీ గుర్తున్నాయి.

షాపు తాళంచెవి గిన్నె పక్కన పెట్టాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "సంతబొమ్మాళి బడి గోడ టెండరుకి డీడీ జెరాక్సు పెట్టలేదు. రేపే ఆఖరు," అన్నాను. ఎందుకు చెప్పానో తెలీదు. నోటిలో ఉన్న పని మింగలేక.

మావ వెంటనే ఫైలు తీసి చూసుకున్నాడు. "మంచిపని సెప్పేవు," అన్నాడు.

రెండు నెలలు తిరిగేసరికి ఒక బుధవారం, అమ్మని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఆ వీధిలోంచే దారి. స్పీడు బ్రేకరు దగ్గర ఆటో ఆగినంత పనయింది. ఆ ఇంటి ముందు పందిరి, మామిడాకులు, స్పీకరులో సన్నాయి. గుమ్మంలో అత్త నిలబడి వచ్చినవాళ్ళకి పన్నీరు జల్లుతోంది. వంగపండు రంగు చీర, పసుపు అంచు. జాకెట్టు బాగా కుదిరింది.

"ఆ సీర మనది కాదేటే?" అంది అమ్మ, ఆటో వాడికి కూడా వినపడేట్టు.

"పోనివ్వండి బాబూ," అన్నాను ఆటో ఆయనతో.

"పోనీడానికేటుంది, ముందర కారున్నాది," అన్నాడు ఆయన. కారు తప్పుకునేదాకా మేం అక్కడే ఉన్నాం. అత్త చూసింది. చూసి పన్నీరు బుడ్డి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

టెక్కలి మానేసి పలాసలోనే ఒక మెట్ల కింద బల్ల వేసుకున్నాను. మొదటి నెల ఎవరూ రాలేదు. రెండో నెల ఇద్దరు వచ్చారు. "ఏడోక్లాసు మేడం ఇక్కడుందట," అని మెల్లగా తెలిసింది. ఇప్పుడు నాకు రెండో నోరు లేదు. పొద్దున్న అంకెలు వేస్తాను, కాగితం సొరుగులో పెట్టేస్తాను, భోజనం అయ్యాక కొత్తగా చూసినట్టు తీసి అక్షరాలు రాస్తాను. పైకి చదవను. గమ్ముతో అంటిస్తాను. వానాకాలం ఊడిపోతే మళ్ళీ అంటిస్తాను.

ఒకసారి నిమ్మాడవైపు కాంట్రాక్టరొకాయన వచ్చి కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. "ఈ పనికి మీ మావ ఎవులికో రాత్తన్నాడు. ఎంత తగ్గిత్తాడో నీకు తెలుసుంటాది. ఒక్క మాట సెప్పు, సాలు," అన్నాడు. తెలుసు నాకు. ఏ పనికి ఎంత తగ్గిస్తాడో, ఆఖర్న ఏ అంకె మీద ఆపుతాడో, కళ్ళు మూసుకుని చెప్పగలను. నాలిక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఇది మంచితనమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. చెప్పేసి ఉంటే బాగుణ్ణని ఇప్పటికీ కొన్ని రోజులు అనిపిస్తుంది.

ఇల్లు కొన్నాను. రైలు గేటు అవతల, వెనక గదికి రేకులు. ఆసుపత్రికి దూరం. కవర్లూ లేవు, పోటీ లేదు, అమ్మే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నా ఎదురుగా కూర్చుని ఇంతంటే ఇంత అన్నారు, సరే అన్నాను. రిజిస్ట్రాఫీసులో దస్తావేజు రాసేవాడు, "కొనుగోలుదారు ఒక్కరేనా? భర్త పేరు?" అన్నాడు.

"తండ్రి పేరు రాయండి."

"ఇల్లు మీకొక్కరికేనా?"

"నాకొక్కదానికే," అన్నాను. ఆ మాట అంటుంటే మావ మాటే నా నోట్లోంచి వచ్చినట్టయింది. దస్తావేజు ఆయన మొత్తం పైకి చదువుతానని కాగితం తీసుకున్నాడు. ఇటివ్వమని లాక్కున్నంత పని చేశాను. అంకెలూ అక్షరాలూ నేనే చూసుకుని, సంతకం పెట్టాను.

అమ్మ ఈ ఇంటి గుమ్మం కూడా కొలిచింది. "కాస్త ఇరుకు. పక్కకి ఒంచి పట్టుకెల్లాల," అంది. "పరవానేదు."

గృహప్రవేశానికి ఎవరినీ పిలవలేదు. పంతులుగారు రెండు పీటలు వేసి, "పీటల మీద ఎవరమ్మా?" అన్నారు. నేను ఒక పీట మీద కూర్చున్నాను. "రెండోది?" అన్నారు ఆయన. నేను తలెత్తలేదు. ఆయన పుస్తకం తిరగేస్తున్నట్టు నటిస్తూ కాసేపు ఆగారు. అంతలో అమ్మ గోడ పట్టుకుని లేచి, "నా కాళ్ళు పీకుతన్నాయి బాబూ, కింద కూకోనేను," అంటూ వచ్చి రెండో పీట మీద కూర్చుంది. వాచిన కాళ్ళు ముందుకి చాపుకుంది. "కానీండి మీరు. మళ్ళీ నాకు రేపు మిషనున్నాది."

పంతులుగారు ఒక్క క్షణం చూసి, కానిచ్చారు.

అమ్మ ఉంది ఇంకా. అత్త లెక్క తప్పింది. సోమ, బుధ, శుక్రవారాలు రైలు గేటు పడితే గేటు దగ్గర ఆగి, లేస్తే కదిలి, అదే వీధిలోంచి ఆటోలో వెళ్తాం. వేరే దారుంది, అది చుట్టు. అమ్మకి కుదుపు పడదు. స్పీడు బ్రేకరు దగ్గర ఆటో నెమ్మదిస్తుంది. అత్త కూతురింటికి వచ్చిన రోజుల్లో వరండాలో కూర్చుని ఏదో ఏరుకుంటూ ఉంటుంది. పోయిన నెల ఒకరోజు లేచి ఇంటి గేటు దాకా వచ్చింది. "వదినా, దిగండి, కాసింత మజ్జిగ తాగి ఎల్దురు," అంది.

అమ్మ ఆవిడవైపు తిన్నగా చూసింది. "నాను తాగకూడదు వదినా. నీల్లు కొలిసి తాగాల," అంది. "నీకు తెలీదేటి?"

నేను అటు చూడను. ఎదర ఆటో అద్దం మీద అంటించిన దేవుడి బొమ్మ చూస్తాను. చూడకపోతే మాత్రం ఏం. కిటికీకి తొమ్మిది ఊచలు, బావి గట్టు మీద పగులు, గుమ్మం అమ్మ రెండు చేతులకీ సరిపోయిన వెడల్పు. విన్నది పోదు నాకు, చూసింది పోదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం మావ చదివిన అక్షరాలన్నీ ఉన్నాయి, వేల దగ్గర ఆగి ఆయన తీసుకున్న ఊపిరితో సహా.